సిస్టర్ నోరు తెరిచే వార్డు: అపోహలు, వాస్తవాలు

ఆసుపత్రిలో నాణ్యతా విభాగం అంటే ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ తనిఖీకి ముందు ఫైళ్లు సర్దే బృందమని చాలామంది అనుకుంటారు. ఆ పనీ మాదే, కాదనను. కానీ అసలు పని వార్డులో నిజంగా ఏం జరిగిందో తెలుసుకోవడం. అది కేస్ షీట్‌లో దొరకదు, సీసీ కెమెరాలో కనబడదు. రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ చెబితేనే తెలుస్తుంది. ఆమె "నాకు తెలియదు" అన్నా, "పొరపాటు జరిగింది" అన్నా, "సార్, ఒక్క నిమిషం ఆగండి" అన్నా తిట్లో మెమోనో ఎదురుకావన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకాన్నే మానసిక భద్రత అంటున్నారు. దీని ప్రస్తావన వచ్చినప్పుడల్లా సమావేశాల్లో వినిపించే అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి. ఏళ్లు గడిచినా అవి మారడం లేదు.

అపోహ: తప్పులు తక్కువగా నమోదయ్యే వార్డే మంచి వార్డు

నెలవారీ సమీక్షలో ఒక వార్డు పేరు ఎదురుగా సున్నా కనబడితే అందరూ మెచ్చుకుంటారు. నాకైతే ఆ సున్నా చూస్తేనే గుబులు. ముప్పై పడకల వార్డులో రోజుకు వందల డోసులు ఇస్తారు. నెలంతా ఒక్క డోసూ ఆలస్యం కాలేదని, ఒక్క మందు పేరూ తారుమారు కాలేదని, ఒక్క రోగీ మంచం దిగుతూ జారిపడలేదని అంటే నమ్మేదెలా?

1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని అనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి. మంచి బృందాల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. లోతుకు వెళ్లి చూస్తే అక్కడివాళ్లు భయం లేకుండా చెబుతున్నారని, మిగతా చోట్ల కప్పిపెడుతున్నారని అర్థమైంది. ఆ పరిశీలన 1996లో అచ్చయింది. మానసిక భద్రత మీద ఆమె 1999లో రాసిన వ్యాసాన్ని ఈ రంగంలో ఇప్పటికీ ముందుగా చదివిస్తారు.

అందుకే నేను మొత్తం అంకె కన్నా, అందులో నియర్ మిస్‌లు ఎన్ని ఉన్నాయో ముందు చూస్తాను. నియర్ మిస్ అంటే రోగిదాకా వెళ్లకముందే దొరికిపోయిన పొరపాటు. ఎవరికీ హాని జరగలేదు, చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అయినా ఒక సిస్టర్ డ్యూటీ అయిపోయాక పది నిమిషాలు కూర్చుని ఫారం నింపిందంటే ఆ వార్డు ఇన్‌చార్జ్‌ని అభినందించాల్సిందే.

అపోహ: ఇలా మెతకగా ఉంటే క్రమశిక్షణ పోతుంది

పొటాషియం క్లోరైడ్ ఆంపూల్ చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. పలుచన చేయకుండా గబుక్కున నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఒక వార్డులో ఆ ఆంపూళ్లనూ స్టెరైల్ వాటర్ ఆంపూళ్లనూ ఒకే అరలో, పక్కపక్క డబ్బాల్లో పెట్టారనుకోండి. తెల్లవారుజామున మూడు గంటలు, సగం లైట్లు ఆర్పేసి ఉన్నాయి, పౌడరు రూపంలో ఉన్న యాంటీబయాటిక్‌ను కలపాలి. సిస్టర్ చెయ్యి పక్క డబ్బాలోకి వెళ్లింది. సిరంజిలోకి లాగబోతూ లేబుల్ చూసి ఆగిపోయింది. పొద్దున్నే వచ్చి చెప్పింది.

ఇక్కడ రెండు దారులున్నాయి. "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావమ్మా" అని అందరి ముందూ నిలదీయవచ్చు. వచ్చే నెల ఫారం రాదు, అర మాత్రం అలాగే ఉంటుంది. లేదా ఆ మందు ఆ అరలోకి ఎలా వచ్చిందని అడగవచ్చు. అలా అడిగితే అది మామూలు వార్డు నుంచి ఫార్మసీకి పోతుంది, ఐసీయూలో తాళం వేసిన డబ్బాలోకి మారుతుంది. ఇదేమీ కొత్త ఉపాయం కాదు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 1998లో తన మొట్టమొదటి హెచ్చరిక ప్రకటనను ఈ మందు మీదే ఇచ్చింది. వార్డుల్లో నిల్వ ఉంచవద్దన్నది అందులోని ముఖ్య సూచన.

క్రమశిక్షణ సంగతంటారా? ఇద్దరు సరిచూసి సంతకం చేయాల్సిన చోట చూడకుండానే రెండో సంతకం పెట్టేవారి మీద చర్య తీసుకోవాల్సిందే. అందులో నాకు మొహమాటం లేదు. చెయ్యి పొరబడటం వేరు, తెలిసి నియమం దాటడం వేరు. రెండింటికీ ఒకే మెమో ఇచ్చే చోట కప్పిపుచ్చడమే అందరూ నేర్చుకుంటారు.

అపోహ: పెద్ద డాక్టర్లకు ఎదురు చెప్పడం మన పద్ధతి కాదు, అదంతా పాశ్చాత్య దేశాల్లో నడుస్తుంది

2005లో బ్రిటన్‌లో ఎలైన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల మహిళ సైనస్ ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరారు. ప్రాణాపాయం ఉన్న ఆపరేషన్ కాదు. మత్తు ఇచ్చాక శ్వాసకు దారి దొరకలేదు. థియేటర్‌లో అనుభవజ్ఞులైన డాక్టర్లు ఉన్నారు, గొంతులోకి గొట్టం వేయాలని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నారు. ఒంట్లో ఆక్సిజన్ పడిపోతోంది. ఒక నర్సు మెడ దగ్గర కోత పెట్టి శ్వాస అందించే ట్రేను తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. మరో నర్సు ఐసీయూకు ఫోన్ చేసి మంచం ఖాళీ ఉంచమంది. ఎందుకంత కంగారు అన్నట్టు డాక్టర్లు చూసేసరికి వెళ్లి రద్దు చేసేసింది. ఎలైన్ స్పృహలోకి రాకుండానే కొద్ది రోజుల తర్వాత కన్నుమూశారు.

ఏం చేయాలో ఆ నర్సులకు తెలుసు. గట్టిగా ఎలా చెప్పాలో తెలియలేదు. ఇది జరిగింది బ్రిటన్‌లో, మన దగ్గర కాదు. ఎలైన్ భర్త మార్టిన్ పైలట్. కో-పైలట్ కెప్టెన్‌ను హెచ్చరించేలా శిక్షణ ఇవ్వడం విమానయానంలో 1980ల నుంచే ఉంది. ఆసుపత్రుల్లో అది ఎందుకు లేదని ఆయన అడిగారు. ఆ తర్వాత ఇదే పని మీద ఒక సంస్థను స్థాపించారు.

గౌరవం పోగొట్టుకోకుండా అడ్డు చెప్పడం తెలుగులో కష్టమేమీ కాదు. "సార్, ఎలర్జీ కాలమ్‌లో పెన్సిలిన్ అని ఉంది, ఒకసారి చూస్తారా?" అనేది మొదటి మాట. వినకపోతే, "సార్, నాకు భయంగా ఉంది, ఇది ఇవ్వలేను." అప్పటికీ కాకపోతే ఇన్‌చార్జ్‌కి ఫోన్. ఈ మూడు మెట్లూ యాజమాన్యం రాతపూర్వకంగా ఇవ్వాలి, ఫోన్ చేసిన సిస్టర్ పక్షాన మర్నాడు నిలబడాలి. అంతా ఆమె ధైర్యానికి వదిలేస్తే ఎలా?

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి. కోత పెట్టేముందు థియేటర్‌లో ఉన్న అందరూ తమ పేరు, పని చెప్పుకోవాలన్నది అందులో ఒకటి. "రోజూ చూసే ముఖాలే కదా" అని సర్జన్లు విసుక్కుంటారు. ముఖాలు సరే, పేర్లు ఎంతమందికి తెలుసు? మన థియేటర్లలో అందరూ "సిస్టర్"లే. పైగా ఒకసారి గొంతు విప్పిన మనిషికి రెండోసారి విప్పడం తేలిక. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ఈ జాబితాను వాడి చూసినప్పుడు ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

అపోహ: యోగా తరగతి పెట్టాం, నర్సుల దినోత్సవానికి కేక్ కోశాం, సంక్షేమం చూసినట్టే

యోగా మీద నాకేమీ కోపం లేదు. కానీ డబుల్ డ్యూటీ చేసి హాస్టల్‌కు వెళ్లబోతున్న అమ్మాయిని "ఒత్తిడి తగ్గించుకోండి" అంటూ మరో గంట కూర్చోబెట్టడం ఏ లెక్కన సంక్షేమం? 2004లో అమెరికాలో ఐసీయూ జూనియర్ డాక్టర్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. 24 గంటలకు మించిన డ్యూటీలున్న పాత పద్ధతిలో వాళ్లు చేసిన తీవ్రమైన పొరపాట్లు, డ్యూటీలు కుదించిన పద్ధతిలో కన్నా దాదాపు 36 శాతం ఎక్కువ. మన దగ్గర రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా ఏకధాటిగా 12 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. ఏ బోధనాసుపత్రిలోనైనా పీజీ విద్యార్థిని అడిగి చూడండి, నవ్వి ఊరుకుంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్న్‌అవుట్‌ను, అంటే పని భారంతో పూర్తిగా నీరసించిపోవడాన్ని, జబ్బుల్లో చేర్చలేదు. సరిగా సంబాళించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. కాబట్టి మందు ముందు డ్యూటీ చార్టుకు వేయాలి.

అపోహ: పొరపాటు చేసినవాళ్లను పంపించేస్తే సమస్య తీరినట్టే

రెండు ఆంపూళ్లూ పక్కపక్కన ఉన్న ఆ అర అలాగే ఉంటుంది, కొత్త సిస్టర్ వస్తుంది. ఇక వెళ్లిపోయిన మనిషి సంగతి. రోగికి హాని జరిగినప్పుడు అందులో చిక్కుకున్న సిబ్బందిని 'రెండో బాధితులు' అని డాక్టర్ ఆల్బర్ట్ వూ 2000లో రాశారు. నిద్ర పట్టదు, చెయ్యి వణుకుతుంది, లెక్క వేసిన డోసునే మళ్లీ నాలుగుసార్లు లెక్క వేస్తారు. ఆ వారం వాళ్లను ఒంటరిగా రాత్రి డ్యూటీకి వేయకూడదు. మాట్లాడటానికి ఆసుపత్రిలో ఎవరూ లేకపోతే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అపోహ: సలహాల పెట్టె ఉంది కదా

దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అడగండి. పేరు రాయకుండా చెప్పే వీలు ఉండాలి, కాదనను. కానీ ఫారం రాసిన సిస్టర్‌కు వారంలోగా జవాబు వెళ్లాలి. ఏ అర మారింది, ఏ లేబుల్ మారింది, మారకపోతే ఎందుకు మారలేదు అని ఆ జవాబులో ఉండాలి. దాన్ని డ్యూటీ మారే వేళ, అందరూ కలిసి రోగుల వివరాలు అప్పగించుకునేటప్పుడు, ఆమె అభ్యంతరం లేకపోతే పేరుతో సహా చదివి వినిపించాలి.