చెరువును తేటపరిచే పాకుడు

చెరువు మత్తడి (అలుగు) రాయి మీద కాలు పెడితే సర్రున జారుతుంది. ఆ పాకుడును గోటితో గీరితే నాచుతో పాటు జిగురు పొర ఒకటి వేలికి అంటుతుంది. అది బ్యాక్టీరియా తమ చుట్టూ కట్టుకున్న ఇల్లు. మురుగును తినే పని ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

హనుమకొండ, వరంగల్ కాలనీల మురుగు నాలా చెరువులో కలిసే చోటికి వెళితే ముందుగా ముక్కుకు తగిలేవాటిలో అమ్మోనియా ఒకటి. దాన్ని నైట్రోసోమోనాస్ అనే బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రోస్పైరా అనే బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా రూపంలోని 1 మిల్లీగ్రాము నైట్రోజన్‌కు సుమారు 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు నీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగేది మహా అయితే 7.5 మిల్లీగ్రాములు. అంటే అమ్మోనియా నైట్రోజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు వచ్చినా ఉన్న ఊపిరంతా అయిపోతుంది. గాలి అందని పొర లోపలి భాగంలో వేరే బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి పైకి వదిలేస్తాయి.

అందుకే చెరువు బాగుపడుతుందని బ్యాక్టీరియా పొడి సంచులు తెచ్చి గుమ్మరించడాన్ని నమ్మలేం. అమ్మోనియాను తినేవి మెల్లగా పెరుగుతాయి, రెట్టింపు కావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. పట్టుకోవడానికి చోటు, పీల్చడానికి గాలి లేకపోతే నీళ్లతో పాటే కొట్టుకుపోతాయి. చెరువులో ఉన్నవాటికే ఆ రెండూ ఇవ్వాలి.

చోటు ఇవ్వడానికి తెప్ప కట్టవచ్చు. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 6 మీటర్లు, నాలుగు ఎల్బోలు తీసుకుంటే 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు చట్రం వస్తుంది. ఇది దాదాపు 50 కిలోలు మోస్తుంది. అతుకులకు సాల్వెంట్ (పైపుల జిగురు) పూసి, ఒక రోజు ఆరనిచ్చి, నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఒక్క అతుకు కారినా తెప్ప ఒరుగుతుంది. మీద నైలాన్ వల బిగించి, కొబ్బరి పీచులో 18 వట్టివేరు లేదా మెట్టతామర మొక్కలు నాటాలి. నీళ్లలోకి దిగే వాటి వేర్లే బ్యాక్టీరియాకు చోటు. మట్టి వేయొద్దు, బరువు.

నీళ్లు కనీసం మీటరు లోతు ఉండాలి. లేకపోతే వేర్లు అడుగు బురదను పట్టుకుంటాయి. వానకు నీళ్లు పెరిగితే తెప్ప లేవలేక మునుగుతుంది. తెప్పను కట్టే తాడు పొడవు కూడా చెరువు మత్తడి దుంకే మట్టానికి లెక్కగట్టాలి. రెండు మూడు నెలలకోసారి మొక్కలు కోసి ఒడ్డుకు తేవాల్సిందే, అక్కడే కుళ్లితే అవి నీళ్లలోంచి పీల్చుకున్నదంతా తిరిగి నీళ్లలోకే పోతుంది.

ఆక్సిజన్‌ను పొద్దున 5 గంటలకు కొలవండి. మధ్యాహ్నం నాచు వదిలే ఆక్సిజన్ వల్ల నీళ్లు బాగున్నట్టే కనిపిస్తాయి, చేపలు చచ్చేది తెల్లవారుజామున. లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే ఏరేటర్‌ను (నీళ్లకు గాలి పట్టించే యంత్రాన్ని) రాత్రంతా నడపాలి.

మురుగుతో వచ్చే ఫాస్ఫరస్ మాత్రం వాయువుగా ఎగిరిపోదు. పూడికలో దాగి, అడుగున ఆక్సిజన్ తగ్గగానే మళ్లీ పైకి వస్తుంది. పూడిక తీసి పొలాలకు తోలే మన అలవాటే దానికి మంచి మందు. సీసం, కాడ్మియం లాంటి విష లోహాలను ఏ సూక్ష్మజీవీ లేకుండా చేయలేదు. కాబట్టి నాలా మూతి దగ్గరి మట్టిని పొలానికి తోలే ముందు ప్రయోగశాలలో వాటి పరీక్ష చేయించాలి.