వీధి పేరు వెనక కథా? ముందు కాగితం చూపించండి

వీధుల పేర్లు ఎలా పుట్టాయో వెతకడం నా పని. రోజంతా పాత పటాలు, ఆస్తి దస్తావేజులు, పన్ను లెక్కలు తిరగేస్తుంటాను. ఆ సంగతి చెప్పడమే ఆలస్యం, ఎదుటివాళ్లే నాకో కథ చెప్పేస్తారు. మళ్లీ మళ్లీ వినబడేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పేరు వింటేనే అర్థం తెలిసిపోతుంది.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. లండన్‌లో పుడ్డింగ్ లేన్ అని ఒక సందు. 1666 నాటి మహా అగ్నిప్రమాదం ఆ సందులోని రొట్టెల బట్టీలోనే మొదలైంది. బట్టీ, పుడ్డింగ్ అనే తీపి వంటకం... ఇంకేం, జత కుదిరిపోయింది! కానీ ఈ పేరులో పుడ్డింగ్ అంటే పశువుల పేగులు. అగ్నిప్రమాదానికి చాలా ముందే, 1598లో, లండన్ చరిత్ర రాసిన జాన్ స్టో ఈ సంగతి రాసిపెట్టాడు. పక్కనే ఉన్న ఈస్ట్‌చీప్ వీధి కసాయివాళ్లు పందుల మీద సలసల కాగే నీళ్లు పోసి బొచ్చు తీసే చోటు ఆ సందులో ఉండేదట. పేగులూ మిగతా చెత్తా అటు నుంచే థేమ్స్ మీది పెంట పడవలకు చేరేవట. నోరూరించే పేరు కాస్తా ముక్కు మూసుకునే పేరైంది.

ఈస్ట్‌చీప్‌లోని 'చీప్' కూడా చవక కాదు, సంత. బేరసారాలకు పాత ఇంగ్లిషు మాట అది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న మిన్సింగ్ లేన్‌కు కైమా కొట్టడంతో సంబంధం లేదు. క్రైస్తవ సన్యాసినులను పిలిచే పాత మాట అరిగిపోయి అలా మిగిలింది. అందుకే ఇవాళ్టి ఉచ్చారణను నేను సాక్ష్యంగా తీసుకోను. దొరికినంతలో అన్నిటికన్నా పాత కాగితం మీద ఏ అక్షరాలున్నాయన్నదే చూస్తాను.

అపోహ: బేకర్ స్ట్రీట్ రొట్టెలవాళ్లది, బర్బన్ స్ట్రీట్ బర్బన్ విస్కీది.

మొదటిది లండన్‌లో ఆ వీధి వేయించిన విలియం బేకర్ ఇంటిపేరు. రెండోది ఫ్రెంచి రాజవంశం పేరు. అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో 1721లో వీధులు గీసినప్పుడు పెట్టారు. ఆ విస్కీ అప్పటికింకా పుట్టనే లేదు.

అపోహ: చప్పగా ఉన్న వివరణ నిజమయ్యే అవకాశం లేదు.

న్యూయార్క్‌లోని వాల్ స్ట్రీట్‌లో నిజంగానే గోడ (వాల్) ఉండేది. గోడ అనగానే రాతికోట ఊహించుకోకండి, అది చెక్క దడి. ఇంగ్లిషువాళ్లు దండెత్తుతారన్న భయంతో అప్పట్లో ఆ ఊరు చేతిలో ఉన్న డచ్చివాళ్లు 1653లో ఊరికి ఉత్తరాన కట్టుకున్నారు. తీరా 1664లో ఇంగ్లిషువాళ్లు ఓడల మీద రేవులోకి వచ్చారు. ఊరు లొంగిపోయింది, దడి దేనికీ పనికిరాలేదు. 1699లో దాన్ని పీకేశారు. పేరు మాత్రం ఉండిపోయింది. ఈ ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన కథ ఇదే. ఇందులో అతికించిన మసాలా ఏమీ లేదు.

అపోహ: బోర్డు మారిస్తే పేరు మారినట్టే.

లండన్‌లోని పాల్ మాల్‌కు అక్కడ ఆడిన బంతాట పేరు అంటుకుంది. పదిహేడో శతాబ్దంలో దానికి రాణిగారి పేరు మీద క్యాథరిన్ స్ట్రీట్ అని అధికారికంగా పెట్టినా జనం పట్టించుకోలేదు. న్యూయార్క్ సిక్స్త్ అవెన్యూ 1945లో 'అవెన్యూ ఆఫ్ ది అమెరికాస్' అయింది. అక్కడివాళ్లని దారి అడిగి చూడండి, సిక్స్త్ అవెన్యూ అనే చెబుతారు. వీధుల పేర్లు రాసుకునే నా కార్డుల్లోనూ అది 'స' దగ్గరే ఉంటుంది.