కాకినాడ నూకలు ఎవరింటికి పోతాయి?

పిల్లలూ,

అందరికీ సరిపడా తిండి పండుతోందని స్కూల్లో చెప్పారు కదా తాతయ్యా, మరి ఇంకా ఆకలేంటి అని అడిగారు. యూఎన్ లెక్కలోనే 2024లో 67 కోట్ల మందికి పైగా సరిపడా తిండి లేదు. యుద్ధాలు ఒక కారణం, కానీ చాలా చోట్ల సరుకు ఉంటుంది, కొనే డబ్బే ఉండదు. నేను బియ్యం సంగతే రాస్తా, నాకు బాగా తెలిసింది అదే.

ఈసారి వస్తే కాకినాడ యాంకరేజ్ పోర్టు చూపిస్తా. పెద్ద షిప్పులు ఒడ్డుకి రావు, దూరంగా సముద్రంలోనే ఆగుతాయి, హమాలీలు లారీల్లోంచి బస్తాలు దింపి బార్జీలనే సరుకు పడవలకి ఎక్కిస్తే అవి వెళ్ళి షిప్పుకి అందిస్తాయి. ఆ బియ్యం ఎక్కువగా పోయేది ఆఫ్రికాకే, బెనిన్, టోగో, సెనెగల్, ఐవరీ కోస్ట్. సెనెగల్ వాళ్ళకి నూకలంటేనే ఇష్టం తెలుసా, ఫ్రెంచి వాళ్ళు తమ పాలనలో వియత్నాం వైపు నుంచి నూకలు తెచ్చి అక్కడ అమ్మారు, అదే అలవాటైపోయి ఇప్పుడు చేపలతో కలిపి వండుకునే వాళ్ళ ముఖ్యమైన వంట కూడా నూకలతోనే.

2022 సెప్టెంబర్‌లో మన గవర్నమెంట్ నూకల ఎక్స్‌పోర్ట్ ఆపేసింది, 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం కూడా. ఇక్కడ రేట్లు పెరగకూడదని చేశారు, 80 కోట్ల మందికి రేషన్ ఇచ్చే దేశం, నేను తప్పు పట్టను. కానీ ప్రపంచ మార్కెట్లో అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే కాబట్టి రేటు పదిహేనేళ్ళలో లేనంత పెరిగింది. అమెరికాలో మనవాళ్ళు స్టోర్లకి పరిగెత్తి సోనా మసూరి బస్తాలకి బస్తాలు కొనేశారు, మహా అయితే వాళ్ళకి కొన్ని డాలర్లు ఎక్కువయ్యాయి. కూలి డబ్బులో సగం తిండికే పోయే ఇంట్లో అయితే ఒక పూట మానేస్తారు, ముందు అమ్మ మానేస్తుంది.

అమెరికాకి దగ్గర్లో ఉన్న పేద దేశం హైతీ సంగతి ఇంకా బాధ. ఒకప్పుడు వాళ్ళ బియ్యం చాలావరకు వాళ్ళే పండించుకునేవాళ్ళు. 1995లో బయటి ఒత్తిడితో దిగుమతి పన్ను 3 శాతానికి తగ్గించారు, అమెరికా సబ్సిడీ బియ్యం చవగ్గా వచ్చిపడింది, రైతులు పొలాలొదిలి పట్నం దారి పట్టారు. 2008లో రేట్లు మండితే జనం తిండి కోసం రోడ్డెక్కారు, ప్రధాని పదవే పోయింది. ఆ విధానం తన రాష్ట్రం ఆర్కాన్సాస్ రైతులకి లాభమైందేమో గానీ పొరపాటేనని, 1995లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటనే 2010లో అమెరికా సెనెట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే ఆ పొలాలు తిరిగొస్తాయా?

ఇంకోటి, బియ్యంతో పాటు నీళ్ళు కూడా షిప్పెక్కుతాయి. కిలో బియ్యానికి రెండు మూడు వేల లీటర్లు పడతాయంటారు. గోదావరి కాలవ కింద ఫర్వాలేదు, తెలంగాణలో బోర్ల కింద పండించే రైతు నీళ్ళు అడుగంటితే బోరు ఇంకా లోతుకి దింపుకోవాల్సిందే, ఆ ఖర్చు బస్తా రేటులో ఎవరూ కట్టరు.

బ్యాన్ ఉన్నప్పుడు కూడా సెనెగల్, గాంబియా లాంటి దేశాలు అడిగితే కొంత కోటా ఇచ్చారు, అది నాకు నచ్చింది. వాళ్ళు అడుక్కునే పని లేకుండా, మళ్ళీ ఎప్పుడైనా ఆపాల్సొస్తే పేద దేశాల వాటా ముందే తీసిపెట్టాలని రూల్ ఉండాలి, బోరు రైతుకి తక్కువ నీళ్ళతో పండే జొన్నలు, కందులకి మంచి రేటు రావాలి, నేను అనేది అదే.

పామాయిల్ గురించి అడిగారు కదా, అది వచ్చే ఉత్తరంలో.

మీ తాతయ్య