"రెఫ్రీ వల్లే ఓడిపోయాం": కప్ మ్యాచ్ సాకులపై అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి చుట్టుపక్కల ఫుట్‌బాల్ టోర్నమెంటు అంటే మూడు భాషలు వినిపిస్తాయి గానీ సాకు మాత్రం ఒకటే. గుణుపురం వాళ్లు ఒడియాలో తిట్టినా, బోర్డర్ దాటి పాతపట్నం, టెక్కలి నుంచి వచ్చినవాళ్లు తెలుగులో తిట్టినా, కొండ మీది సవర కుర్రాళ్లు తమ భాషలో గొణుక్కున్నా సారాంశం రెఫ్రీ అమ్ముడుపోయాడనే. గజపతి, రాయగడ జిల్లాల్లో ఏళ్ల తరబడి విజిల్ ఊదుతున్నవాణ్ణి కాబట్టి మూడు భాషల్లోనూ నాకు బాగానే ముట్టింది.

లీగ్‌లో ఓడితే ఇంకో మ్యాచ్ ఉంటుంది. కప్‌లో ఓడితే బూట్లు సంచిలో వేసుకుని బస్సెక్కడమే. ఎంట్రీ ఫీజు, జెర్సీలు, కుర్రాళ్ల భోజనాలు అన్నీ చందాలతో నడిచినవి. ఊళ్లో అడిగినవాళ్లకు కోచ్ ఏదో ఒకటి చెప్పుకోవాలి. ఆ టెన్షన్ నాకు తెలుసు. కాకపోతే చెప్పే కారణాల్లో చాలావరకు రూల్ తెలియక చెప్పేవే.

అపోహ: "ఫోన్‌లో వీడియో ఉంది. చూసి తీర్పు మార్చాల్సిందే."

ఒక సెమీఫైనల్ అయ్యాక కమిటీ టేబుల్ దగ్గర జరిగింది ఇది. షామియానా కింద ట్రోఫీలకు ఇంకా ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. ఓడిన జట్టు కోచ్ ఫోన్ వెలుగు పూర్తిగా పెంచి నా మొహానికి దగ్గరగా పెట్టాడు. "ఏటి సార్ ఇది? వాడు ఆఫ్‌సైడ్ కాదా? మీరే చెప్పండి." చూశాను. వీడియో తీసినవాడు గోల్ వెనక, కాస్త పక్కగా కూర్చున్నాడు. మొదలయ్యేసరికే బంతి గాల్లో ఉంది.

వాస్తవం: ఆఫ్‌సైడ్ అంటే గోల్‌కీపర్‌తో కలిపి లెక్కేస్తే అవతలి జట్టులో చివరి నుంచి రెండోవాడిని, బంతిని కూడా దాటి గోల్‌కి దగ్గరగా నిలబడి పాస్ అందుకోవడం. దాన్ని చూసేది బంతి అందుకున్నప్పుడు కాదు, జట్టులోని మరొకడు దాన్ని తన్నిన క్షణంలో. ఆ క్షణమే ఆ వీడియోలో లేదు. ఉన్నా గోల్ వెనక నుంచి చూస్తే ఎవరు ముందున్నారో, ఎవరు వెనకున్నారో తేలదు. అసిస్టెంట్ రెఫ్రీ చివరి నుంచి రెండో డిఫెండర్‌కి సరిగ్గా సమాంతరంగా టచ్‌లైన్ మీద పక్కవాటుగా నడుస్తుంటాడే, అది అందుకే. రెండు అడుగులు అటూ ఇటూ అయినా కంటికి తేడా వచ్చేస్తుంది.

ఇక తీర్పు మార్చడం సంగతి. ఆట మళ్లీ మొదలయ్యాక నేను నా నిర్ణయాన్ని మార్చడానికి లేదు. గోల్ అయిందా లేదా, మ్యాచ్ ఫలితమేమిటి అన్న వాటిలో రెఫ్రీ మాటే ఆఖరు. ఇది ఫుట్‌బాల్ నిబంధనల్లో ఐదోది. వీఏఆర్ (వీడియో చూసి రెఫ్రీకి సాయం చేసే పద్ధతి) అనేది ఆ ఏర్పాటు ఉన్న టోర్నమెంట్లకే తప్ప ఫోన్‌కి వర్తించదు. 1986 ప్రపంచ కప్ క్వార్టర్‌ఫైనల్లో మారడోనా చేత్తో కొట్టిన గోల్‌ని లోకమంతా టీవీలో చూసింది. స్కోరు మాత్రం ఈ రోజుకీ అర్జెంటీనా 2, ఇంగ్లండ్ 1. ఆ మ్యాచ్ గురించి ఏడ్చేవాళ్లు రెండో గోల్ ఊసెత్తరు. అందులో చెయ్యి లేదు, ఇంగ్లండ్ జట్టులో సగం మందిని దాటుకుంటూ వచ్చి కొట్టాడు.

చాలా టోర్నమెంట్లలో ఫీజు కట్టి ప్రొటెస్ట్ రాసి ఇవ్వచ్చు కదా అంటారు. ఇవ్వచ్చు, ఇవ్వాలి కూడా. అవతలి జట్టు వయసు దాటినవాణ్ణి దింపిందా, ఇదే టోర్నమెంటులో ఇంకో జట్టుకు ఆడినవాణ్ణి తెచ్చిందా అన్న వాటికి అది పనికొస్తుంది. "అది ఫౌల్ కాదు" అని రాస్తే ఫీజు దండగ.

అపోహ: "విజిల్ వెయ్యకముందే ఫ్రీకిక్ కొట్టేశారు. అది గోలే కాదు."

ఈ వాదన మా మైదానాల్లో ఎప్పుడూ ఉన్నదే. 2023 మార్చి 3న దేశమంతా విన్నది. బెంగళూరు కంఠీరవ స్టేడియంలో బెంగళూరు, కేరళ జట్ల మధ్య ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నాకౌట్ మ్యాచ్, 0-0తో అదనపు సమయంలోకి వెళ్లింది. కేరళ బ్లాస్టర్స్ వాళ్లు వాల్ (గోల్‌కి అడ్డంగా ఆటగాళ్ల వరుస) కట్టుకుంటూ ఉండగానే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రీ ఫ్రీకిక్‌ని నెమ్మదిగా గోల్లోకి వేసేశాడు. రెఫ్రీ గోల్ ఇచ్చాడు. కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన జట్టును మైదానం నుంచి బయటికి తీసుకెళ్లిపోయాడు. తిరిగి రాలేదు.

వాస్తవం: మామూలు ఫ్రీకిక్‌కి విజిల్ అక్కర్లేదు. అవతలివాళ్లను 9.15 మీటర్ల దూరం జరపమని రెఫ్రీని అడిగినప్పుడు, కార్డు చూపించినప్పుడు, దెబ్బ తగిలి ఆట ఆగినప్పుడు, ఆటగాణ్ణి మార్చినప్పుడు మాత్రమే విజిల్ కోసం ఆగాలి. ఇవేవీ లేకపోతే బంతి కదలకుండా పెట్టి వెంటనే కొట్టుకోవచ్చు. ఫౌల్ చేసినవాడు తీరిగ్గా వాల్ కట్టుకునే హక్కు ఏ రూల్లోనూ లేదు. చాలామంది కోచ్‌లకు ఇది కొత్త విషయంలాగే ఉంటుంది, చెబితే నమ్మరు కూడా.

ఆ రోజు ఛెత్రీ కొట్టినప్పుడు విజిల్ అవసరమైన పరిస్థితి ఉందా లేదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఉండనివ్వండి. మైదానం వదిలి వెళ్లడం మాత్రం వాదనకు అందని విషయం. బెంగళూరు 1-0తో గెలిచినట్టే ఖాయమైంది. క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కి 5 లక్షలు, దాంతో పాటు 10 మ్యాచ్‌ల నిషేధం. గోల్ పడేసరికి ఆటలో ఇంకా ఇరవై నిమిషాలకు పైనే ఉంది. ఆ టైములో ఒక్క గోల్ కొట్టడం ఏ జట్టుకైనా అయ్యే పనే. ఆ అవకాశాన్ని తీసుకెళ్లిపోయింది రెఫ్రీ కాదు.

మన దగ్గర జట్టు వెళ్లిపోతే కోట్ల జరిమానా ఉండదు, నిజమే. కానీ వచ్చే ఏడాది కమిటీవాళ్లు ఆ ఊరికి పిలుపు పంపరు.

అపోహ: "పెనాల్టీలంటే లాటరీ. మేం ఆటలో ఓడలేదు."

అసలు లాటరీ ఎలా ఉంటుందో చూడాలంటే 1968కి వెళ్లాలి. యూరో (యూరప్ దేశాల కప్) సెమీఫైనల్లో ఇటలీ, సోవియట్ యూనియన్ 0-0తో మిగిలితే నాణెం ఎగరేసి ఇటలీని ఫైనల్‌కి పంపారు. ఇలాంటి అన్యాయం పోవాలనే 1970లో పెనాల్టీ షూటౌట్‌ని (రెండు జట్లూ వంతులవారీగా పెనాల్టీలు కొట్టి తేల్చుకోవడం) నిబంధనల్లోకి తెచ్చారు.

వాస్తవం: షూటౌట్‌లో అదృష్టం పాలు ఉంది, అభ్యాసం పాలు అంతకన్నా ఎక్కువ ఉంది. ఇంగ్లండ్ 1990, 1998, 2006 ప్రపంచ కప్పుల్లో మూడుసార్లూ షూటౌట్‌లోనే పోయింది. లాటరీ అని సర్ది చెప్పుకున్నారు. 1996 యూరోలో స్వయంగా పెనాల్టీ మిస్ చేసిన గారెత్ సౌత్‌గేట్ కోచ్ అయ్యాక దాన్ని పనిగట్టుకుని సాధన చేయించాడు. 2018లో కొలంబియా మీద గెలిచారు. 2021లో యూరో ఫైనల్ ఇటలీకి మళ్లీ షూటౌట్‌లోనే పోయింది. ముగ్గురు కుర్రాళ్లు మిస్ చేశారు. సౌత్‌గేట్ బయటికొచ్చి, ఎవరు కొట్టాలో తేల్చింది తానేనని, తప్పు తనదేనని చెప్పాడు. ఒక కోచ్ నోట ఓటమి తర్వాత రావలసిన మాట అంతే.

మా వైపు జరిగేది వేరు. ఎవరు కొడతారని కోచ్ గుండ్రంగా నిలబడ్డ కుర్రాళ్లను అప్పుడు అడుగుతాడు. అందరూ నేలచూపులు చూస్తారు. ధైర్యం ఉన్నవాడు ముందు వెళ్లి కొట్టేస్తాడు, ఐదో కిక్‌కి మిగిలేది భయపడేవాడు. బెంచీ మీదున్న మంచి షూటర్ని పంపుతానంటూ నా దగ్గరికి వస్తారు. కుదరదు. ఆట ముగిసేసరికి బరిలో ఉన్నవాళ్లే కొట్టాలి. దెబ్బ తగిలి ఆడలేకపోతున్న గోల్‌కీపర్ని మార్చుకోవచ్చు, అంతే. ఆ షూటర్ కావాలనుకుంటే మ్యాచ్ ముగిసేలోపే దింపాల్సింది.

అపోహ: "గ్రౌండ్ బురద, బూట్లు లేవు, ఎండ, వాన..."

ఒకే బురదలో రెండు జట్లూ ఆడాయి. ఇంకేమిటి చెప్పడం? సాకుల్లో రాజు లాంటిది ఒకటి మాత్రం చెప్పాలి. 1996లో సౌతాంప్టన్ మీద సగం ఆటకు 0-3తో వెనకబడిన మాంచెస్టర్ యునైటెడ్ బూడిదరంగు జెర్సీలు విప్పేసి వేరేవి తొడుక్కుంది. ఆ రంగులో ఒకరికొకరు కనిపించడం లేదని కోచ్ ఫెర్గూసన్ చెప్పాడు. ఆఖరికి 1-3తో ఓడారు. అంత గొప్ప కోచ్ కూడా ఒక రోజు జెర్సీ మీద పడ్డాడు.

బూట్ల సంగతికొస్తే, 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడి ఫ్రాన్స్‌తో 1-2తో ఓడారు. "బూట్లుంటే గెలిచేవాళ్లం" అని ఇప్పటికీ అంటారు. ఆ మ్యాచ్‌లో మనకు రెండు పెనాల్టీలు దొరికాయి, రెండూ పోయాయి. ఆ ముక్క చెప్పేవాళ్లు తక్కువ. ఇక సొంత గ్రౌండ్, సొంత జనం ఉంటే చాలనుకునేవాళ్లకు 2024 జనవరి గుర్తుండాలి. భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే సూపర్ కప్ ఫైనల్ ఆడిన ఒడిశా ఎఫ్‌సీ అదనపు సమయంలో ఈస్ట్ బెంగాల్‌కి 2-3తో ఓడింది.

చిన్నవి కొన్ని: ఆట చివర కలిపే సమయం గురించి "ఐదు నిమిషాలని చూపించి ఏడు ఆడించాడు" అంటారు. చూపించేది కనీస సమయం, పెంచచ్చు గానీ తగ్గించకూడదు. "చేతికి తగిలితే హ్యాండ్‌బాలే" అంటారు. కాదు, చేతికి తగిలిన ప్రతిదీ తప్పు కాదు. "కోచ్‌కి కార్డు చూపించడానికి ఈయనెవరు" అని కూడా అంటారు. 2019 నుంచి బెంచీ మీదున్న కోచింగ్ సిబ్బందిలో ఎవరికైనా ఎల్లో, రెడ్ చూపించచ్చు. తిట్టిందెవరో తేలకపోతే ఆ కార్డు పెద్ద కోచ్ ఖాతాలోనే పడుతుంది. కాబట్టి మాస్టారూ, మీ అసిస్టెంట్ నోరు మీరే అదుపులో పెట్టుకోవాలి.

అపోహ: "క్రీడాస్ఫూర్తి అంటే ఓడినవాడు నోరు మూసుకోవడం."

వాస్తవం: మాట్లాడచ్చు. ఎక్కడ, ఎవరితో అన్నదే ముఖ్యం. 2023 యూరోపా లీగ్ ఫైనల్ బుడాపెస్ట్‌లో సెవియాకి షూటౌట్‌లో పోయాక రోమా కోచ్ మొరీన్యో పార్కింగ్ దగ్గర కాపు కాసి రెఫ్రీ ఆంథొనీ టేలర్ని తిట్టాడు. నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. మర్నాడు అదే టేలర్ని కుటుంబంతో సహా విమానాశ్రయంలో రోమా అభిమానులు చుట్టుముట్టారు. కోచ్ ఎలా మాట్లాడితే జనం అలా తయారవుతారు. మైదానం గేటు దగ్గర నా మోటర్ సైకిల్ చుట్టూ మూగిన జనాన్ని చూసినవాణ్ణి, ఈ మాట ఊరికే అనడం లేదు.

స్ఫూర్తి గెలిచినవాడికీ కావాలి. 1999లో ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్‌లో షెఫీల్డ్ యునైటెడ్ గోల్‌కీపర్, దెబ్బ తగిలిన తమవాడి కోసం బంతిని బయటికి కొట్టాడు. ఆర్సెనల్ మర్యాదగా తిరిగిచ్చేయాల్సిన త్రోని, జట్టులోకి కొత్తగా వచ్చిన కాను అనే ఆటగాడు అందుకుని పాస్ ఇచ్చేశాడు, ఓవర్‌మార్స్ గోల్ కొట్టేశాడు. నిబంధనల ప్రకారం ఆ గోల్‌కి ఢోకా లేదు, ఆర్సెనల్ 2-1తో గెలిచింది. కోచ్ వెంగర్ మాత్రం మళ్లీ ఆడదామన్నాడు. పది రోజుల్లో ఆడారు, మళ్లీ 2-1తోనే గెలిచారు.

ఓడిన రాత్రి కోచ్ తన కుర్రాళ్లకు ఏం చెప్పాలని కొత్తవాళ్లు అడుగుతుంటారు. నేను ఒకప్పటి భారత జట్టు కోచ్, హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు చెబుతాను. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో భారత్ మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. స్టేడియం నిండా మనల్ని ఎగతాళి చేసే జనం. తర్వాతి ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. సాకులకు కొదవేముంది? రహీం గారు ఆ జర్నైల్‌నే డిఫెన్స్ నుంచి తీసి సెమీఫైనల్లోనూ, ఫైనల్లోనూ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. 2-1తో బంగారు పతకం మనదే. ఒక గోల్ పీకే బెనర్జీది, ఇంకోటి జర్నైల్‌ది.