కోస్ట్ గార్డుకి వెళ్లిన పాత కిర్పాణ్

2023 జూన్‌లో విశాఖ నుంచి బయల్దేరి వియత్నాం నేవీ చేతికెళ్లిన కిర్పాణ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఆ పేరుతో వచ్చిన రెండో యుద్ధనౌక, 1991లో మన నేవీలో చేరింది. మన కోస్ట్ గార్డు పుట్టుకతో ముడిపడింది మాత్రం మొదటి కిర్పాణ్. 1950ల చివర్లో బ్రిటన్‌లో కట్టించి తెచ్చుకున్న ఫ్రిగేట్ (ఒక రకం యుద్ధనౌక) అది. ఖుక్రీ, కుఠార్ దాని జతవే. మూడూ జలాంతర్గాముల్ని వేటాడటానికి చేసినవే కాబట్టి ఆయుధాల్లో ముఖ్యమైనవి నీటి కిందికి బాంబులు విసిరే మోర్టార్లే, పైన చెప్పుకోదగ్గ పెద్ద ఫిరంగి కూడా లేదు.

1971 యుద్ధంలో, డిసెంబర్ 9 రాత్రి గుజరాత్ తీరంలోని డయ్యూ దగ్గర ఖుక్రీ, కిర్పాణ్ కలిసి వెళ్తుంటే పాకిస్తాన్ జలాంతర్గామి హాంగోర్ టార్పెడోలు వదిలింది. ఖుక్రీ నిమిషాల్లో మునిగిపోయింది, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కిర్పాణ్ తప్పించుకుంది. అది అక్కడే నిలబడాల్సిందా, దూరం జరగడమే సరైనదా అన్న వాదన నేవీ వాళ్లలో చాన్నాళ్లు నడిచింది. నన్నడిగితే, రెండో నౌకనీ పోగొట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఈలోగా సముద్రంలో పనే మారింది. పశ్చిమ తీరంలో బంగారం స్మగ్లింగ్ విపరీతంగా పెరిగింది, 1974లో ముంబై తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న బాంబే హైలో చమురు నిల్వలు బయటపడ్డాయి, 1976 చట్టంతో తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా సముద్రం మన ప్రత్యేక ఆర్థిక మండలి (ఈఈజెడ్) అయింది, అంటే అందులోని చేపలు, చమురు లాంటి వాటిపై హక్కు మనదే. ఇంత నీటిని నేవీయే కాయాలంటే కుదరదు కదా. 1974లో వేసిన రుస్తంజీ కమిటీ విడిగా ఒక దళం కావాలంది. దాన్ని హోం శాఖ కింద పెట్టాలా, రక్షణ శాఖ కింద పెట్టాలా అని లాగులాట కూడా జరిగి, చివరికి ఇందిరాగాంధీ రక్షణ శాఖ వైపే మొగ్గారు.

1977 ఫిబ్రవరి 1న తాత్కాలికంగా మొదలైన కోస్ట్ గార్డుకి నేవీ ఇచ్చింది ఏడే నౌకలు: కిర్పాణ్, కుఠార్, ఇంకో ఐదు గస్తీ పడవలు. చట్టబద్ధంగా దళం ఏర్పడింది 1978 ఆగస్టులో. నిజం చెప్పాలంటే ఈ ఫ్రిగేట్లు ఆ పనికి సరిపోయేవి కావు. బాయిలర్లు వెలిగించి ఆవిరి పుట్టిస్తే తప్ప కదలవు, జలాంతర్గామి మీద వేసే మోర్టార్లతో స్మగ్లర్ల పడవని ఏం చేస్తారు? కానీ లోతు సముద్రంలోకి వెళ్లి రోజుల తరబడి ఉండాలంటే చేతిలో ఉన్నవి అవే.

గస్తీ కోసమే డిజైన్ చేసిన విక్రమ్ 1983లో వచ్చాక గానీ ఆ ఇబ్బంది తగ్గలేదు. అది ముంబైలో నౌకలు కట్టే మజగావ్ డాక్‌లో కట్టింది, హెలికాప్టర్ దిగే వీలుంది. ఆ తరగతిలోదే వరుణ, 2017లో శ్రీలంక కోస్ట్ గార్డుకి ఇచ్చేశాం, వాళ్లు దానికి సురక్ష అని పేరు పెట్టుకున్నారు.