ఫిష్ మీల్ లేని మేతతో చేప ఎదగదా? అపోహలు – వాస్తవాలు

మేత సంచి చేతికి రాగానే రైతులు చాలామంది అందులో ప్రోటీన్ శాతం ఎంత, ఫిష్ మీల్ (ఎండబెట్టి దంచిన చేపల పొడి) ఎంత కలిపారు అని అడుగుతారు. మేత ఫార్ములాలు కూర్చడమే నా వృత్తి కనుక, ఈ రెండు ప్రశ్నల వెనుక ఉన్న అపోహలను వివరించడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అపోహ: ఫిష్ మీల్ లేనిదే చేప పెరగదు.

వాస్తవం: చేపకు కావలసినవి ప్రోటీన్ అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలు. వాటిలో పదింటిని చేప తనంతట తాను తయారు చేసుకోలేదు కాబట్టి అవి మేత ద్వారానే అందాలి. ఏ దినుసు నుంచి వచ్చినా అరిగి ఒంటబడితే చాలు. కొల్లేరు పరిసరాల్లో శీలావతి, బొచ్చె పెంచే రైతులు నూనె తీసిన తవుడును, వేరుశనగ, పత్తి గింజల చెక్కలను రంధ్రాలు చేసిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన కర్రలకు కట్టి దశాబ్దాలుగా మేపుతున్నారు. అందులో ఫిష్ మీల్ ఉండదు, కొరవడిన పోషకాలను కొంతవరకు నీటిలో తేలియాడే సూక్ష్మజీవులైన ప్లవకాలు అందిస్తాయి. మాంసాహారి అయిన సాల్మన్‌కు సైతం నార్వేలో 1990లో మేతలో సుమారు 65 శాతం ఉన్న సముద్రపు ప్రోటీన్ దినుసులను 2013 నాటికి 18 శాతానికి తగ్గించగలిగారు. అయితే కొరమీను, పండుగప్ప మేతల్లో ఈ మార్పును క్రమంగానే చేయాలి. రుచి నచ్చకపోతే అవి మేతను ముట్టవు.

అపోహ: ప్రోటీన్ శాతం సమానమైతే ఏ దినుసైనా ఒక్కటే.

వాస్తవం: నా దృష్టిలో రైతుకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. ప్రయోగశాలలో సాధారణంగా కొలిచేది ప్రోటీన్‌ను కాదు, నైట్రోజన్‌ను, దాన్ని 6.25తో గుణించి వచ్చిన అంకెనే ప్రోటీన్‌గా రాస్తారు. 46 శాతం నైట్రోజన్ ఉన్న యూరియాకు ఈ లెక్కన 287 శాతం "ప్రోటీన్" వస్తుంది కనుక, దినుసుల్లో కల్తీకి ఇది దారి తెరుస్తుంది. కల్తీ లేని సోయా చెక్కలోనూ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, ఫాస్ఫరస్‌లో అధిక భాగం చేప అరిగించుకోలేని ఫైటేట్ రూపంలో బిగిసి ఉంటుంది. అందుకే మెథియోనిన్‌ను విడిగా కలిపి, ఫైటేట్‌ను విడగొట్టే ఫైటేజ్ ఎంజైమ్ చేరుస్తాం. సోయాలో ప్రోటీన్‌ను అరిగించే ట్రిప్సిన్ ఎంజైమ్‌ను అడ్డుకునే పదార్థాలు తగిన వేడికి నశిస్తాయి, కానీ వేడి మితిమీరితే లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం దెబ్బతింటుంది. పత్తి గింజల చెక్కలో గాసిపాల్ అనే సహజ విషపదార్థం, తేమ తగిలిన వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఎంత ఉన్నాయో పరీక్షించకుండా వాడకూడదు.

అపోహ: ఇక పురుగుల పిండి ఒక్కటే అన్నిటికీ పరిష్కారం.

వాస్తవం: బ్లాక్ సోల్జర్ ఈగ లార్వాల పిండి మంచి దినుసే, యూరోపియన్ యూనియన్ 2017లో చేపల మేతలో కీటక ప్రోటీన్‌కు అనుమతినిచ్చింది. కానీ కీటకాల పైపొరలో ఉండే, ప్రోటీన్ కాని కైటిన్‌లోనూ నైట్రోజన్ ఉంటుంది కాబట్టి పైన చెప్పిన 6.25 లెక్క ఇక్కడ ప్రోటీన్‌ను ఎక్కువ చేసి చూపిస్తుంది. లార్వాలు తిన్న పదార్థాన్ని బట్టి కొవ్వు మారుతుంది కనుక ప్రతి లాట్‌నూ విడిగా పరీక్షించాలి.

అపోహ: ఫిష్ మీల్ తగ్గిస్తే చేపలో ఒమేగా-3 పోతుంది.

వాస్తవం: ఒమేగా-3 ప్రధానంగా నూనె ద్వారా వస్తుంది. ఫిష్ మీల్‌తో పాటు చేప నూనెనూ తగ్గించినప్పుడే ఈ లోటు తీవ్రమవుతుంది. దాన్ని సూక్ష్మ శైవలాల (కంటికి కనిపించని నాచు) నూనెతో పూరించవచ్చు.