తొణకని వేగం: సరస్సు మీద లారీ

కెనడా ఉత్తరాన, యెల్లోనైఫ్ ఊరికి 300 కిలోమీటర్ల అవతల, చెట్టన్నది మొలవని చోట డయావిక్ వజ్రాల గని ఉంది. 2003లో అక్కడ వజ్రాలు తీయడం మొదలైంది. మన వజ్రకరూర్ భూమిలో ఉన్నట్టే అక్కడా వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ అనే రాయే, కాకపోతే అది సరస్సు కింద ఉంది. ఏడాది పొడుగునా వెళ్లే రోడ్డు లేదు కాబట్టి డ్యూటీకి వెళ్లేవాళ్లు విమానం ఎక్కుతారు, వారాల తరబడి క్యాంపులోనే ఉండి మళ్లీ విమానంలోనే ఇంటికొస్తారు. మరి డీజిలు, సిమెంటు, డంపర్ల టైర్లు? అవి ఫిబ్రవరి, మార్చి నెలల్లో లారీల మీద, చాలావరకు గడ్డకట్టిన సరస్సుల మీదుగానే వెళ్తాయి.

ఆ దారిని ఏటా కొత్తగా తయారు చేసుకోవాలి. ముందు పైనున్న మంచును ఊడ్చేస్తారు, ఎందుకంటే మెత్తటి మంచు దుప్పటిలాంటిది, బయటి చలిని నీటిదాకా పోనివ్వదు. ఊడ్చాక ఐసు కిందికి పెరుగుతుంది, కానీ మందమయ్యేకొద్దీ ఆ ఐసే చలికి అడ్డం పడుతుంది కాబట్టి మొదటి అడుగు పెరిగినంత తొందరగా మూడో అడుగు పెరగదు. అందుకని బెజ్జం వేసి, సరస్సు నీళ్లనే పైకి తోడి పోస్తారు. నిండు లోడు లారీకి మీటరు పైచిలుకు మందం కావాలి. 2006లో చలికాలం వెచ్చగా గడిచి ఐసు చాలక దారిని ముందే మూసేశారు, మిగిలిన సరుకును గాల్లో మోయాల్సి వచ్చింది. వేడెక్కుతున్న ఈ కాలంలో నాకు అన్నిటికంటే దిగులు కలిగించే విషయం ఇదే.

మందం ఒక్కటీ ఉంటే సరిపోదు. నులక మంచం మీద మనిషి కూర్చుంటే ఎలా కుంగుతుందో, లారీ కింద ఐసు అలా కుంగి నీటిని పక్కకు నెడుతుంది, ఆ నీరే తిరిగి పైకి నెట్టి బరువు మోస్తుంది. లారీ కదిలితే ఆ గుంటా కదులుతుంది, ఐసు కింద ఒక అల పుడుతుంది. బిందె ఎత్తుకుని నడిచేటప్పుడు మన అడుగు నీటి ఊపుతో కలిసిపోతే ఎలా తొణుకుతుందో తెలుసు కదా, అలాగే లారీ వేగం అల వేగంతో కలిస్తే ఆ అల పెరుగుతూ పోయి ఐసును పగలగొట్టేస్తుంది. నీటి లోతు తగ్గితే అల కూడా నెమ్మదిస్తుంది: 5 మీటర్ల లోతులో దాని వేగం గంటకు సుమారు 25 కిలోమీటర్లే. పైగా ఒడ్డుకు తగిలి వెనక్కొచ్చే అల ఎదురొచ్చే అలతో కలుస్తుంది. అందుకే నిండు లారీ సరస్సు మీద 25 దాటకూడదు, ఒడ్డు దగ్గర ఇంకా తగ్గించాలి.

నెమ్మది మంచిదే కదా అని మధ్యలో ఆపి ఊరుకోవడానికీ లేదు. ఒకేచోట బరువు నిలిచిపోతే ఐసు గంటగంటకూ మరింత సాగి కుంగుతుంది, కుంగినచోట పగుళ్లలోంచి నీరు ఉబికి వస్తుంది.

ఇక ఆ చప్పుళ్లు! చలి ఉన్నట్టుండి ముదిరితే ఐసు ముడుచుకుని దూరంగా ఎక్కడో చిట్లుతుంది. ఐసు పలకలో సన్నటి శబ్దం ముందుగా, బొంగురు శబ్దం వెనకగా ప్రయాణిస్తాయి కాబట్టి, దూరాన ఉన్నవాళ్ల చెవికి అది బిగించిన తీగను కొట్టినట్టు ‘ట్యూఁ’మని మొదలై కిందికి జారిపోతుంది. కొత్తగా వెళ్లినవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. డ్రైవరు మాత్రం స్పీడోమీటరు ముల్లు వైపే చూస్తూ అదే వేగంతో పోతాడు.